తెరకెక్కిన మాయాలోకాలు – 9: పది సెంట్ల టికెట్టు, పన్నెండు నిమిషాల సినిమా

పోయిన వారం చెప్పుకున్న ఫ్రాంక్ బామ్ బతకనేర్చిన మనిషి. ‘ఓజ్ మాంత్రికుడు’ పుస్తకం 1900లో అచ్చయితే, 1902కల్లా దాన్ని చికాగోలో పాటల నాటకంగా ఆడించాడు. దర్శకుడు కథను ఇష్టమొచ్చినట్టు తిప్పినా, హాలు నిండుతోంది కదా అని సర్దుకుపోయాడు. 1914లో సొంతంగా సినిమా కంపెనీ పెట్టి చేతులు కాల్చుకున్నాడు కూడా. ఈ వారం మన కథలోకి వచ్చే పెద్దమనిషిది దీనికి పూర్తిగా ఎదురు తీరు. తన కథ వేదిక ఎక్కడమే ఆయనకు గిట్టదు. గిట్టకపోవడానికి ఆయన దగ్గర ఒక సిద్ధాంతమే ఉంది.

1939 మార్చిలో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో జె.ఆర్.ఆర్. టోల్కీన్ అద్భుత కథల మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిషు భాష బోధించే ప్రొఫెసరు ఆయన. అప్పటికి పాఠకలోకానికి తెలిసిన ఆయన కథ 1937లో వచ్చిన ‘ది హాబిట్’ ఒక్కటే. నాటకానికీ అద్భుతానికీ పుట్టుకతోనే పొత్తు కుదరదని ఆ ఉపన్యాసంలో వాదించాడు. మాక్‌బెత్‌లోని మంత్రగత్తెలను పుస్తకంలో చదువుతుంటే ఫరవాలేదు, రంగస్థలం మీద చూస్తే భరించలేం అన్నాడు. మాట్లాడే జంతువు వేషంలో ఒక మనిషి వచ్చి నిలబడితే నవ్వొస్తుంది, నమ్మకం కుదరదు. ఒక మనిషి ఇంకో మనిషినని చెప్పుకుంటూ నిలబడడమే నాటకంలో ఒక మాయ; దాని మీద మరో మాయ వేస్తే బరువు ఎక్కువవుతుందని ఆయన లెక్క. తీగలు కనపడకుండా వస్తువుల్ని గాల్లోకి లేపే సురభి వారి ‘మాయాబజార్’ చూసిన మనవాళ్లెవరూ ఈ వాదాన్ని ఓ పట్టాన ఒప్పుకోరు. కాకపోతే అది ఇంగ్లండు ప్రొఫెసరు గారు చూసిన నాటకం కాదు.

‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు సంపుటాలుగా 1954 జులైకీ 1955 అక్టోబరుకీ మధ్య వచ్చింది. మూడో సంపుటం వచ్చిన కొద్ది వారాలకే బీబీసీ థర్డ్ ప్రోగ్రాం దాన్ని రేడియో నాటకంగా మొదలుపెట్టింది. కవి టెరెన్స్ టిల్లర్ రేడియోకి మలిచాడు. మొదటి సంపుటానికి 45 నిమిషాల భాగాలు ఆరు, మిగతా రెండు సంపుటాలకూ కలిపి అరగంట భాగాలు ఆరు. ఈ లెక్క చూస్తేనే సంగతి తెలిసిపోతుంది. వెయ్యి పేజీల కథలో మొదటి మూడో వంతుకు నాలుగున్నర గంటలు, మిగిలిన రెండు వంతులకు మూడే గంటలు!

టోల్కీన్ రేడియో ముందు కూర్చుని విన్నాడు, విని ఉత్తరాల్లో ఉడికిపోయాడు. టామ్ బాంబడిల్ పాత్రను చెడగొట్టారని మొదటి బాధ. అంతకన్నా ఘోరం, ప్రసారానికి ముందు అనౌన్సరు చెప్పిన పరిచయం. బాంబడిల్ భార్య గోల్డ్‌బెరీని కూతుర్ని చేసేశాడు. అడవిలో తన పగతో తాను బతికే విల్లో చెట్టును మోర్డోర్ రాజ్యానికి తొత్తును చేశాడు. అక్కడ ఆయనకు తగిలిన దెబ్బ ఏమిటో కాస్త ఆగి చూడాలి. ఆయన లోకంలో ప్రతి చెడ్డతనమూ ఒకే విలన్ ఖాతాలో పడదు. చెట్టుకు చెట్టు కోపం, కొండకు కొండ కోపం ఉంటాయి. రేడియోకు అంత ఓపిక లేదు. చెడ్డవాళ్లందర్నీ ఒక జట్టు చేసేస్తే శ్రోతకు సులువు. అద్భుత కథను ఇంకో మాధ్యమంలోకి తెచ్చే ప్రతివాడూ మొట్టమొదట చేసే పని ఇదే, నేటికీ. ఆ ప్రసారాల రికార్డింగులు మిగల్లేదు. స్క్రిప్టులు మాత్రం బీబీసీ భాండాగారంలో భద్రంగా ఉన్నాయని 2022లో బయటపడింది.

ఇక సినిమావాళ్లు. 1957 సెప్టెంబరులో ఫారెస్ట్ ఆకర్మన్ అనే అమెరికన్ ఆక్స్‌ఫర్డ్ వచ్చాడు. సైన్స్ ఫిక్షన్ అభిమాన లోకంలో పెద్ద తలకాయ. కార్టూన్ సినిమా తీస్తామంటూ రాన్ కాబ్ వేసిన బొమ్మలు పట్టుకొచ్చాడు. బొమ్మలు టోల్కీన్‌కు నచ్చాయి. డిస్నీ ఛాయలు లేకపోవడం అందుకో కారణం. డిస్నీ స్టూడియో అంటే ఆయనకు ఇరవై ఏళ్లుగా ఒళ్లు మంట. ‘హాబిట్’ అమెరికా ముద్రణకు బొమ్మలు వేయించేటప్పుడు కూడా ఆ ధోరణి సోకకూడదని షరతు పెట్టాడు.

ఈ సందర్భంలోనే ఆయనా, ప్రచురణకర్త స్టాన్లీ అన్వినూ కలిసి ఒక సూత్రం ఖాయం చేసుకున్నారు. సినిమావాళ్లు వస్తే రెండిట్లో ఏదో ఒకటి దక్కాలి: దండిగా డబ్బయినా ముట్టాలి, లేదంటే కథలో నచ్చనిదాన్ని కాదనే అధికారమైనా చేతిలో ఉండాలి. రెండూ లేకపోతే దండం పెట్టి పంపించెయ్యడమే. వ్యాపారం తెలియని పండితుడని ఆయన్ను అనుకుంటాం కానీ, ఈ సూత్రంలో ఉన్నంత లౌక్యం మద్రాసులో కథలు అమ్ముకున్న మన రచయితలు చాలామందికి లేదు.

ఆకర్మన్ బృందం డబ్బు ఇచ్చే స్థితిలో లేదు. అందుకని రెండో దారి. మోర్టన్ జిమ్మర్‌మన్ రాసిన సినిమా కథ టోల్కీన్ బల్ల మీదికి వచ్చింది. 1958 జూన్‌లో ఆయన పేజీ పేజీకీ పెన్సిలు పెట్టినట్టు దిద్దుతూ పొడుగాటి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం తర్వాత ఆయన లేఖల సంపుటిలో అచ్చయింది. పరీక్ష పేపర్లు దిద్దడం వృత్తిగా బతికిన మనిషి చేతిలో ఒక స్క్రీన్‌ప్లే రచయిత పడితే ఏమవుతుందో చూడాలంటే అది చదవాలి.

మొదటి తప్పు పేర్లలోనే. బోరొమీర్ అనే ముఖ్య పాత్ర పేరు ‘బోరిమోర్’గా పడింది, ఒక్కసారి కాదు, అంతటా. ఆర్క్‌లనే రాక్షస మూకకు జిమ్మర్‌మన్ ముక్కులూ ఈకలూ తగిలించాడు. ఎందుకయ్యా అని టోల్కీన్ ప్రశ్న. ఎల్ఫ్‌లు దారిబత్తెంగా ఇచ్చే రొట్టె ఒకటుంది కథలో, తుంచి తింటే రోజంతా నడవొచ్చు. సినిమా కథలో అది పోషకాలు గట్టిపరిచిన సరుకుగా మారిపోయింది, సైనికుల డబ్బా తిండిలాగ. మంత్రాన్ని రసాయనశాస్త్రంలోకి లాగొద్దని ఆయన కసిరాడు. మాటా పలుకూ లేని బాల్‌రాగ్ అనే భూతానికి నోరిచ్చారు. కొండ మీద రాత్రిపూట నల్లరౌతులు మీద పడే ఘట్టంలో అసలు కథలో లేని కత్తియుద్ధం పెట్టారు.

గద్దల సంగతి మరీ చెప్పుకోదగ్గది. మూలకథలో పెద్ద గద్దలు మహా ఇరుకున పడ్డప్పుడు మాత్రమే వచ్చి ఆదుకుంటాయి. జిమ్మర్‌మన్ వాటిని ప్రయాణ సాధనం చేసేశాడు. నెలల తరబడి నడిచే కథలో నడకే లేకుండా పోతే ఇంక మిగిలేదేమిటి? కాలాన్ని కుదించొద్దని కూడా టోల్కీన్ అంతే గట్టిగా పట్టుబట్టాడు. ఋతువులు మారాలి, చలికాలం తెర మీద కనిపించాలి, అలిసిపోయినవాళ్లు అలిసినట్టుండాలి.

ఆ ఉత్తరంలో అభిమానులు గమనించని మాట ఇంకొకటుంది. మూలానికి ఆయన గుడ్డిగా అంటిపెట్టుకోలేదు. నిడివి చాలకపోతే ఒక భాగాన్ని పూర్తిగా ఎత్తేయండి, కానీ గుర్తుపట్టలేనట్టు నలిపి ఇరికించొద్దు అన్నాడు. బాంబడిల్ భార్య గోల్డ్‌బెరీ విషయంలోనూ అదే సలహా. తర్వాత వచ్చిన సినిమాలు బాంబడిల్‌ను వదిలేశాయని గుండెలు బాదుకున్న వీరాభిమానులకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

ఆకర్మన్ ప్రయత్నం గడువు తీరి వీగిపోయింది.

ఇప్పుడు అసలు ఘట్టానికి వస్తున్నాం. ఇందులో కవిత్వం తక్కువ, కాంట్రాక్టు ఎక్కువ. విలియం స్నైడర్ అనే అమెరికన్ నిర్మాత 1964 ప్రాంతంలో ‘హాబిట్’ సినిమా హక్కులు చవగ్గా సంపాదించాడు. ఆయన బొమ్మల సినిమాలు ప్రాగ్ నగరంలో తయారయ్యేవి, అమెరికాలో కన్నా అక్కడ ఖర్చు తక్కువ కాబట్టి. అక్కడ ఆయన తరఫు దర్శకుడు జీన్ డైచ్. పది రోజుల పని మీద 1959లో కమ్యూనిస్టు చెకోస్లొవేకియాకు వెళ్లి, అక్కడే ప్రేమలో పడి, 2020లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయిన అమెరికన్. ‘మన్రో’ అనే లఘుచిత్రానికి ఆస్కార్ వచ్చింది. 1960ల మొదట్లో వచ్చిన ‘టామ్ అండ్ జెర్రీ’లలో 13 ఈయన తీసినవే. చిన్నప్పుడు అవి చూసి, ఈ జెర్రీ ఏమిటి కొంచెం తేడాగా ఉన్నాడని అనుకున్నవాళ్లకు కారణం ఇదీ.

డైచ్ తన జ్ఞాపకాల్లో రాసుకున్న కథ ఇది. స్నైడర్ పురమాయిస్తే, బిల్ బెర్నల్ అనే రచయితతో కలిసి ఆయన ‘హాబిట్’ను పూర్తి నిడివి సినిమాగా రాశాడు. అప్పటికి ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సంగతి వీళ్లకు తెలియదు. పిల్లల పుస్తకమే కదా అని చనువు తీసుకున్నారు. కథలో ఆడపాత్ర లేదని ఒక రాకుమారిని పుట్టించారు. తీరా స్క్రిప్టు ముదిరాక ఆ పెద్ద పుస్తకం చేతికొచ్చింది. ఓహో, ఇదంతా దానికి ముందుమాటా అని మళ్లీ సవరణలు మొదలుపెట్టారు. చెక్ తోలుబొమ్మల సినిమాకు పితామహుడనదగ్గ యిర్జీ ట్రంకాతో పాత్రలు వేయించాలని కూడా అనుకున్నారు. హాలీవుడ్ పెద్ద స్టూడియోతో బేరం కుదరలేదు. డబ్బు లేక పని మూలపడింది.

ఈలోగా అమెరికాలో తుపాను లేచింది. 1965లో ఏస్ బుక్స్ అనే కంపెనీ, చట్టంలో సందు దొరికిందని, రచయిత అనుమతి లేకుండానే ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చౌక ముద్రణ వేసేసింది. గొడవ పత్రికలకెక్కింది. ఆ ఏడాది చివర్లో బాలంటైన్ వారి అధికారిక ముద్రణ వచ్చింది. కాలేజీ కుర్రాళ్లు ఎగబడ్డారు. చూస్తుండగానే స్నైడర్ చేతిలో ఉన్న చవక కాగితం ఖరీదైన ఆస్తి అయి కూర్చుంది.

ఒక్కటే చిక్కు. గడువు 1966 జూన్ 30. ఆ తేదీలోగా ‘హాబిట్’ మీద పూర్తి రంగుల చలనచిత్రం తీసి చూపించకపోతే హక్కులు పోతాయి. స్నైడర్ కాంట్రాక్టు మళ్లీ చదివాడు. రంగుల్లో ఉండాలని ఉంది. చలనచిత్రం అయి ఉండాలని ఉంది. ఎంత నిడివి ఉండాలో ఎక్కడా లేదు! డైచ్‌కు కబురు వెళ్లింది. మొత్తం కథను ఒక్క రీలుకు, అంటే 12 నిమిషాలకు కుదించి, నెల తిరిగేలోగా న్యూయార్క్‌కు పట్టుకురా.

నెల రోజుల్లో కార్టూన్ సినిమా అసాధ్యం. డైచ్ తన మిత్రుడు, చెక్ చిత్రకారుడు అడాల్ఫ్ బోర్న్‌ను పట్టుకున్నాడు. బోర్న్ బొమ్మలు వేస్తూ పోయాడు, డైచ్ వాటిని కెమెరా కింద పెట్టి, జరిపి, దగ్గరికీ దూరానికీ లాగి, ఒకదాని మీద ఒకటి పేర్చి కదిలినట్టు భ్రమ పుట్టించాడు. బొమ్మ కదలదు, కెమెరా కదులుతుంది. హెర్బ్ లాస్ అనే మిత్రుడు వ్యాఖ్యానం చదివాడు.

ఆ సినిమా ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు, 2012 నుంచి ఇంటర్నెట్‌లో ఉంది. పుస్తకం తెలిసినవాళ్లు నవ్వాపుకోలేరు. పదమూడుమంది మరుగుజ్జులు మాయం. వాళ్లకు బదులు డ్రాగన్ కూల్చిన ఊళ్లో మిగిలిన ముగ్గురు: ఒక సేనాపతి, ఒక కావలివాడు, మీకా అనే రాకుమారి. డ్రాగన్ పేరు స్మాగ్ కాదు, స్లాగ్. గోలుమ్ ఉన్నాడు, పేరు కాస్త సాగింది. మూలంలో డ్రాగన్‌ను కూల్చేది బార్డ్ అనే విలుకాడు. ఇక్కడ ఆ పని కథానాయకుడు బిల్బోయే చేస్తాడు, కొండ గుండెగా చెప్పే మణిని బాణం మొనకు బిగించి. ఆ తర్వాత రాకుమారిని పెళ్లాడతాడు. టోల్కీన్ రాసిన బిల్బో ఆజన్మ బ్రహ్మచారి!

అయినా నాకు ఆ సినిమా మీద కోపం రాదు. బోర్న్ బొమ్మల్లో ఒక వింత అందం ఉంది, ఎక్కడా డిస్నీ వాసన తగలదు. టోల్కీన్ పెట్టిన ఆ ఒక్క షరతూ ఎవరూ అడక్కుండానే అక్కడ నెరవేరింది. ఇంకో మాట. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథల్లోంచి ఒక ముక్క అందుకుని పింగళి నాగేంద్రరావు ‘పాతాళభైరవి’ అల్లినప్పుడు ఇంతకన్నా ఎక్కువ చనువే తీసుకున్నాడు. దాన్ని మనం తప్పనం, ప్రతిభ అంటాం. తేడా అంతా పని వెనక ఉన్న బుద్ధిలో ఉంది. ఒకటి ప్రేక్షకుడి కోసం అల్లింది, ఇంకొకటి వకీలు కోసం.

జూన్ 30న డైచ్ రీలు పట్టుకుని న్యూయార్క్‌లో దిగాడు. స్నైడర్ మాన్‌హటన్‌లో ఒక చిన్న ప్రొజెక్షన్ గది మాట్లాడి ఉంచాడు. వీధిలో పోయేవాళ్లను కొందర్ని పిలుచుకొచ్చారు. ఒక్కొక్కరి చేతిలో పది సెంట్ల నాణెం పెట్టి, ఆ నాణెమే టికెట్టు డబ్బుగా తిరిగి తీసుకున్నారు. పన్నెండు నిమిషాలు నడిచింది. చూసినవాళ్ల చేత, పూర్తి రంగుల ‘హాబిట్’ చలనచిత్రాన్ని డబ్బిచ్చి చూశామని కాగితం మీద సంతకాలు పెట్టించారు. కాంట్రాక్టు నెరవేరింది. ఆ కాగితాల బలంతో హక్కులు నిలబెట్టుకున్న స్నైడర్, తర్వాత వాటిని లక్ష డాలర్ల దాకా తీసుకుని తిరిగి అమ్మేశాడని డైచ్ రాశాడు.

ఆ దశాబ్దం చివర్లో మరో వింత ప్రయత్నం జరిగింది. అందులో మన దేశానికీ చిన్న పాత్ర ఉంది. 1968లో బీటిల్స్ నలుగురూ మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో ధ్యానం నేర్చుకోవడానికి ఋషికేశ్ వచ్చినప్పుడు, వాళ్ల సినిమా వ్యవహారాలు చూసే డెనిస్ ఓడెల్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ పుస్తకాలు అక్కడికి పంపాడని దర్శకుడు పీటర్ జాక్సన్ చెప్పాడు. గంగ ఒడ్డున వేషాలు పంచుకున్నారు: గోలుమ్‌గా లెనన్, ఫ్రోడోగా మెకార్ట్‌నీ, గాండాల్ఫ్‌గా హారిసన్, సామ్‌గా రింగో స్టార్. టోల్కీన్ ససేమిరా అన్నాడని మెకార్ట్‌నీ జాక్సన్‌తో చెప్పాడట. గడ్డంతో హారిసన్ గాండాల్ఫ్ బాగానే ఉండేవాడేమో.

ఆ మరుసటేడు, 1969లో, రెండు పుస్తకాల సినిమా హక్కులూ యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థకు అమ్ముడుపోయాయి. ధర లక్ష పౌండ్లకు కాస్త పైన. టోల్కీన్‌కు అప్పటికి 77 ఏళ్లు. భార్య ఈడిత్ ఆరోగ్యం బాగాలేక ఆక్స్‌ఫర్డ్ వదిలి సముద్రపు ఒడ్డున బోర్న్‌మత్‌లో ఉంటున్నారు. పన్నెండేళ్ల కిందట పెట్టుకున్న సూత్రంలో డబ్బు సగం ఎంచుకున్నాడన్నమాట. కథలో వేలు పెట్టే అధికారం పోయింది. 1973 సెప్టెంబరు 2న ఆయన కన్నుమూసేనాటికి తెర మీద చెప్పుకోదగ్గదేదీ లేదు.

యునైటెడ్ ఆర్టిస్ట్స్ వారు దర్శకుడు జాన్ బూర్మన్‌ను పిలిచారు. మూడు సంపుటాల్నీ ఒకే సినిమాగా ఆయన స్క్రిప్టు రాసి తెచ్చేసరికి ఆసక్తి చూపిన అధికారి లేడు, మిగిలినవాళ్లెవరూ పుస్తకం చదవలేదు. బూర్మన్ ఆ కసి అంతా 1981లో ‘ఎక్స్‌కాలిబర్’ మీద తీర్చుకున్నాడు. 1976లో హక్కులు సాల్ జెంట్స్ చేతికి వచ్చాయి. పాటల రికార్డుల వ్యాపారి. ‘ఫ్రిట్జ్ ది క్యాట్’ అనే పెద్దల కార్టూన్ తీసి పేరూ వివాదమూ సంపాదించిన రాల్ఫ్ బక్షీకి పాత నేస్తం.

బక్షీ పుస్తకాన్ని నిజంగా ప్రేమించినవాడు. టోల్కీన్ కూతురు ప్రిసిల్లాను వెళ్లి కలిశాడు. మూలం నుంచి మాటలకు మాటలే తీసుకున్నాడు. పద్ధతి మాత్రం విడ్డూరం: స్పెయిన్‌లో వేషాలు వేయించి నటులతో మొత్తం షూటింగు చేసి, ఆ ఫిల్మును ఒక్కో ఫ్రేమూ పరిచి, దాని మీద బొమ్మ గీయించడం. ఖర్చూ గడువూ రెండూ తరుముకొచ్చాయి. యుద్ధ ఘట్టాలకు వచ్చేసరికి గీసే తీరిక లేదు. ఫిల్ముకు రంగు పులిమి వదిలేశారు, ఆర్క్‌లు నీడల్లాగా, మనుషుల్లాగా, రెండూ కానట్టూ కనిపిస్తారు. కొందరు అదే గొప్పగా ఉందంటారు. నేను ఆ పక్షం కాదు.

1978 నవంబరులో విడుదలైంది, 133 నిమిషాలు. కథ హెల్మ్స్ డీప్ యుద్ధం దగ్గర, సరిగ్గా సగంలో, ఆగిపోతుంది. పేరులో ‘మొదటి భాగం’ అని వేయాలని బక్షీ పట్టుబట్టాడు. సగం సినిమాకు డబ్బులిచ్చి ఎవడొస్తాడని పంపిణీదారు తీసేయించాడు. దాంతో వ్యాఖ్యాత చివర్లో చీకటి శక్తులు శాశ్వతంగా తొలగిపోయాయని ప్రకటిస్తాడు, ఫ్రోడోనేమో ఇంకా ఉంగరం మోసుకుంటూ నడుస్తూనే ఉంటాడు! జనం తిట్టుకుంటూ బయటికొచ్చారు. డబ్బులు మాత్రం వచ్చాయి. రెండో భాగం రాలేదు.

న్యూజీలాండ్‌లో ఆ సినిమా చూసి, మిగతా కథ ఏమైందో తెలియక, ఒక కుర్రాడు పుస్తకం కొన్నాడు. సినిమా బొమ్మ అట్ట మీద వేసిన ముద్రణ అది. వెల్లింగ్టన్ నుంచి ఆక్లండ్‌కు పన్నెండు గంటల రైలు ప్రయాణంలో చదవడం మొదలుపెట్టాడు. పేరు పీటర్ జాక్సన్.

(వచ్చే వారం: ఒకటా, రెండా, మూడా అని హాలీవుడ్‌లో జరిగిన బేరం, టొరంటో వేదిక మీద ఎ.ఆర్. రెహమాన్ బాణీలు)